గతం మర్చిపోయిన పాత్ర కథ ముందే ఎందుకు తెలిసిపోతుంది?

మీరడిగింది ఇది: గతం మర్చిపోయిన హీరోయిన్‌తో ఒక సస్పెన్స్ నవల రాస్తున్నారు. యాక్సిడెంట్ అవుతుంది, కళ్ళు తెరిచేసరికి ఆమెకి తన పేరు కూడా గుర్తుండదు, భర్త ప్రేమగా చూసుకుంటూ ఉంటాడు, ఒకరోజు బీరువాలో చీరల కింద తన పాత డైరీ దొరుకుతుంది. చదవడానికిచ్చిన ఇద్దరు స్నేహితులూ నాలుగో అధ్యాయానికే "మొగుడే కదా చేసింది" అనేశారు. ఇలాంటి నవలలన్నీ ముందే ఎందుకు తెలిసిపోతాయి, నాది తెలియకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని మీ ప్రశ్న.

నచ్చని మాట ముందే అనేస్తాను, ఏమీ అనుకోకండి. నాకు నాలుగు అధ్యాయాలు కూడా అక్కర్లేకపోయింది, "భర్త ప్రేమగా" అన్న రెండు మాటల దగ్గరే అర్థమైపోయింది. ఇందులో నా గొప్పేం లేదు. ఒక వారపత్రికలో పద్నాలుగేళ్ళు కథల డెస్కులో పనిచేశాను, ఆ తర్వాత నవలల పోటీలకి వచ్చే రాతప్రతులు చదివిపెట్టడం, చిన్న ప్రచురణకర్తలకి ఎడిటింగ్ చెయ్యడం, ఇదే పని. తల మీద దెబ్బ తగిలి తన పేరే మర్చిపోయినవాళ్ళని నేను చూసినంతమందిని ఏ న్యూరాలజిస్టూ చూసి ఉండడు. ఒక ఏడాది పోటీకైతే వరసగా మూడు రాతప్రతులు, మూడిట్లోనూ మొదటి వాక్యం ఒకటే: "నేనెక్కడున్నాను?" మూడోదానికి "నా టేబుల్ మీద ఉన్నావమ్మా" అని పైకే అనేశాను.

ముందే తెలిసిపోవడానికి కారణం చాలా చిన్న లెక్క. గతం పోయిన మనిషికి ఆ గతం ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవాడి చేతిలోనే కథంతా ఉంటుంది కాబట్టి పాఠకుడు మొదట అనుమానించేది వాడినే. వాడు కాదు అని రచయిత మరీ గట్టిగా చూపిస్తే అప్పుడు డాక్టరు. డాక్టరూ కాకపోతే హీరోయినే చేసి మర్చిపోయింది. అదీ కాకపోతే కవల సోదరి (నవ్వకండి, ఇంకా వస్తూనే ఉన్నాయి). అంతే, ఐదో దారి లేదు. 2011లో ఎస్.జె. వాట్సన్ 'బిఫోర్ ఐ గో టు స్లీప్' వచ్చినప్పుడు ఈ లెక్క ఇంకా కొంచెం కొత్తగా ఉండేది: పొద్దున్న లేచేసరికి అన్నీ మర్చిపోయే ఆడమనిషి, పక్కన భర్త, ఫోన్ చేసే డాక్టరు, దాచిపెట్టిన డైరీ. అది బాగా రాసిన నవలే, నా పేచీ దాంతో కాదు. దాని తర్వాత అదే ఇల్లు, అదే మొగుడు, అదే డైరీ పెట్టుకుని కర్టెన్ల రంగు మాత్రం మార్చి రాసినవాటితోనే. మీ నవల కూడా ఇప్పటికి ఆ ఇంట్లోనే ఉంది.

ఇంకో కారణం మన ఊహలో ఉంది. రచయితలు జ్ఞాపకాన్ని తాళం వేసిన బీరువాలా ఊహించుకుంటారు. తాళంచెవి పోయింది, లోపల చీరలన్నీ మడత నలగకుండా అలాగే ఉన్నాయి, క్లైమాక్స్‌లో తాళంచెవి దొరకగానే తలుపు తీస్తే నాఫ్తలీన్ వాసనతో సహా మొత్తం గతం బయటికొస్తుంది. మన సినిమాల్లో ఆ తాళంచెవి ఒక పాట, లేదా తాళిబొట్టు, లేదా రౌడీ కర్రతో కొట్టే రెండో దెబ్బ. డాక్టరు కళ్ళజోడు తీసి "పాత విషయాలు గుర్తుచేయకండి, ఆవిడ మెదడు మీద ఒత్తిడి పడుతుంది" అంటాడు చూడండి, ఆ డైలాగ్ వైద్యం కోసం పుట్టింది కాదు, ఇంటర్వెల్ దాకా ఎవరూ నిజం చెప్పకుండా ఉండటానికి పుట్టింది. బీరువా ఉందని తెలిసినప్పుడు పాఠకుడు ఏం చేస్తాడు? లోపల ఏముందో ఊహిస్తూ కూర్చుంటాడు. ఊహించడం ఒక్కటే పనైనప్పుడు ఎంత మొద్దు పాఠకుడైనా రెండొందల పేజీల్లో ఒక్కసారైనా సరిగ్గా ఊహించేస్తాడు.

సరే, దీనికి విరుగుడు ఎక్కడుందంటే మన దగ్గరే, చాలా పాత కథలో ఉంది.

శకుంతల కథ మనకి రెండు రకాలుగా వచ్చింది. మహాభారతం ఆదిపర్వంలో శాపం లేదు, ఉంగరం లేదు, చేప లేదు. దుష్యంతుడికి అన్నీ శుభ్రంగా గుర్తున్నాయి. కొడుకుని వెంటపెట్టుకుని శకుంతల సభకి వస్తే నువ్వెవరో నాకు తెలియదంటాడు, అంతే. నన్నయ కూడా అలాగే చెప్పాడు. మనం స్కూల్లో బట్టీ పట్టిన "నుతజల పూరితంబులగు నూతులు నూరిటి కంటె" పద్యం ఆ సభలో ఆవిడ రాజుకి సత్యం గురించి చెప్పిన మాటే. చివరికి అశరీరవాణి పలికితే, లోకం అపవాదు వేస్తుందని అలా అన్నానని ఒప్పుకుంటాడు. అంటే ఇక్కడ మరుపు లేదు, మర్చిపోయినట్టు నటించడం ఉంది. రెండోది 'అభిజ్ఞాన శాకుంతలం' నాటకం, అది రాసిన కాళిదాసుకి అలాంటి నాయకుడు పనికిరాడు. అందుకని దుర్వాసుణ్ణి తీసుకొచ్చి శాపం పెట్టించాడు, ఆనవాలు చూస్తే శాపం తీరుతుందని సడలింపు ఇప్పించాడు, శచీతీర్థంలో ఉంగరం జారవిడిపించి చేప కడుపులో పెట్టాడు. రాజు తప్పంతా శాపం మీదికి పోయింది. గతం మర్చిపోవడాన్ని నాయకుణ్ణి కాపాడటానికి వాడుకోవడం కొత్తేమీ కాదన్నమాట.

కానీ కాళిదాసు దాన్ని సస్పెన్స్‌గా దాచలేదు, చూశారా. శాపం సంగతి నాలుగో అంకం మొదట్లోనే మనకి తెలుసు. చెలికత్తెలు అనసూయ, ప్రియంవద విన్నారు. శకుంతలకి తెలియదు, రాజుకి తెలియదు. ఆ పిల్ల అత్తారింటికి బయల్దేరుతుంటే కణ్వుడు ఏడుస్తాడు, లేడిపిల్ల చెంగు పట్టుకుంటుంది, మనకి మాత్రం గుండెలో రాయి పడి ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఏం జరగబోతోందో మనకి తెలుసు. ఐదో అంకంలో సభకి వచ్చినప్పుడు "గుర్తొస్తుందా రాదా" అన్న టెన్షన్ ఏమీ లేదు, రాదు. తెలిసి కూడా చూస్తూ ఉండాల్సి రావడమే అక్కడ బాధంతా.

ఆ ఐదో అంకం మొదట్లోనే ఇంకో ముక్క ఉంది, మీరు తప్పకుండా చదవాలి. లోపల ఎక్కడో హంసపదిక అనే రాణి పాడుతుంటే రాజు వింటాడు. విని, ఇష్టమైనవాళ్ళెవరూ దూరం కాకపోయినా నాకెందుకింత దిగులుగా ఉంది అనుకుంటాడు. అంతకుమించి ఏమీ గుర్తురాదు. మన సినిమాల్లో పాట వింటే గతం మొత్తం గుర్తొస్తుంది. కాళిదాసు పాట వినిపించాడు కానీ గుర్తు రానివ్వలేదు, దిగులు మాత్రం మిగిల్చాడు. ఇది కవి చమత్కారం అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మెదడు నిజంగానే అలా పనిచేస్తుందని.

1911లో జెనీవాలో క్లాపరేడ్ అనే డాక్టరు ఒక పని చేశాడు. ఆయన దగ్గర ఒక ఆవిడ ఉండేది, రోజూ చూస్తున్న డాక్టరుని కూడా ఎప్పటికప్పుడు కొత్తవాడే అనుకునేది. ఒకరోజు ఆయన వేళ్ళ మధ్య గుండుసూది దాచి ఆమెతో చెయ్యి కలిపాడు, గుచ్చుకుంది. కాసేపటికి ఆ సంగతి మర్చిపోయింది. కానీ మళ్ళీ ఆయన చెయ్యి చాపితే ఆవిడ చెయ్యి వెనక్కి లాగేసుకుంది, ఎందుకో చెప్పలేకపోయింది. ఆయనెవరో తెలియదు, సూది గుర్తులేదు, భయం ఉంది. 2010లో అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్ళు హిప్పోకాంపస్ (మెదడులో కొత్త జ్ఞాపకాలు నిలబెట్టే భాగం) దెబ్బతిన్న పేషెంట్లకి ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు. ఏం చూశారో మర్చిపోయాక కూడా ఆ దుఃఖం, ఆ సంతోషం వాళ్ళలో ఇంకా మిగిలే ఉన్నాయి. మీ హీరోయిన్ నిజంగా భర్త వల్ల దెబ్బతిని ఉంటే, డైరీ అక్కర్లేదండీ. ఆయన వెనకనించి వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఆమె చేతిలో గిన్నె జారుతుంది. ఎందుకో ఆమెకీ తెలియదు. ఆయనకి తెలుసు. ఆ ఒక్క సీను మీ నాలుగు అధ్యాయాల పని చేస్తుంది.

ఇక్కడే నేను చెప్పదల్చుకున్న అసలు విషయం ఉంది. గతం పోయిన కథల్లో మనసుకి పట్టుకున్నవన్నీ గుర్తున్నవాళ్ళ కథలే. మర్చిపోయినవాడు కథకి కారణం, అంతవరకే, మోసేది పక్కవాళ్ళు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ జేమ్స్ హిల్టన్ 'రాండమ్ హార్వెస్ట్', 1941 నవల. (ముగింపు చెప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్ళు ఒక పేరా దాటెయ్యండి.) మొదటి ప్రపంచయుద్ధంలో గతం పోగొట్టుకున్న ఆఫీసరు ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు, తర్వాత లివర్‌పూల్‌లో ఒక చిన్న ప్రమాదంతో పాతదంతా గుర్తొచ్చి ఈ పెళ్ళి మర్చిపోతాడు, ధనవంతుడవుతాడు, సెక్రటరీని పెళ్ళి చేసుకుంటాడు. ఆ సెక్రటరీయే మొదటి భార్య. నవలలో ఇది చివరిదాకా దాచాడు, పుస్తకంలో మొహం కనిపించదు కాబట్టి సాగింది. మరుసటి ఏడాదే సినిమా తీశారు. తెర మీద దాచడం కుదర్లేదు, ఆ భార్యగా వేసిన గ్రీర్ గార్సన్ ఆఫీసు గదిలోకి అడుగుపెట్టగానే హాల్లో అందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. మరి సినిమా పాడైందా? లేదు, నన్నడిగితే నవల కంటే అదే బాగుంది. ఆయన ఎదురుగా కూర్చుని ఉత్తరాలు డిక్టేట్ చేస్తుంటే, ఆయన భార్య నోట్ బుక్‌లో రాసుకుంటూ ఉంటుంది. ఆమెకి తెలుసు, మనకి తెలుసు, ఆయనకి తెలియదు. దెబ్బతో పోయి దెబ్బతో రావడం అనే అరిగిపోయిన సరుకు అందులోనూ ఉంది, అయినా ఎవరికీ పట్టదు, ఎందుకంటే మనం చూస్తున్నది ఆవిడ మొహాన్ని.

మనవాళ్ళకి ఇంత దూరం కూడా పోనక్కర్లేదు, 'వసంత కోకిల' చూసినవాళ్ళని అడగండి. బాలు మహేంద్ర తమిళంలో 1982లో తీసిన సినిమా అది, తెలుగులోకి ఆ పేరుతో వచ్చింది. యాక్సిడెంట్‌లో శ్రీదేవి చిన్నపిల్లైపోతుంది, కమల్ హాసన్ పెంచుతున్నట్టే చూసుకుంటాడు. ఆమెకి నయం కావాలి అని ఎవరూ కోరుకోలేనంత భయంగా ఉంటుంది ఆ సినిమా, నయమైతే ఏం జరుగుతుందో ముందే తెలుసు కదా. ప్లాట్‌ఫారం మీద కోతి చేష్టలు చేస్తున్న ఆ మనిషిని రైలు కిటికీలోంచి చూసి ఎవరో పిచ్చివాడనుకుంటుంది. ముగింపు ముందే తెలిసిపోయిందని ఆ సినిమాని ఎవరైనా తిట్టగా విన్నారా?

అందుకే మీ స్నేహితులు పట్టిన తప్పు నిజమైన తప్పు కాదేమో అని నా అనుమానం. ముందే తెలిసిపోవడం వల్ల నవల పాడవ్వదు. తెలుసుకోవడం తప్ప ఇంకేమీ లేనప్పుడే పాడవుతుంది.

ఇప్పుడు వైద్యం సంగతి, కొంచెం ఓపిక పట్టండి, ఇది మీకు నిజంగా పనికొస్తుంది. నవలల్లో జరిగేదానికి, ఆస్పత్రుల్లో జరిగేదానికి దాదాపు తిరగేసిన సంబంధం ఉంది. నవలలో పాతదంతా పోతుంది, కొత్తది చక్కగా నిలుస్తుంది. మెదడుకి నిజంగా దెబ్బ తగిలితే తరచుగా జరిగేది వేరు: పాతది చాలావరకు ఉంటుంది, కొత్తది నిలవదు. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి 1953లో, ఇరవై ఏడేళ్ళప్పుడు, మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు వైపులా కొంత భాగం తీసేశారు. 2008లో చనిపోయేదాకా ఆయన కొత్త మనిషిని, కొత్త సంఘటనని గుర్తుపెట్టుకోలేకపోయాడు. కానీ తన పేరు తెలుసు, చిన్నతనం తెలుసు, తెలివి తగ్గలేదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది, రోజురోజుకీ చెయ్యి మెరుగైంది, ఆయన మాత్రం ప్రతిసారీ ఇదే మొదటిసారి అనుకున్నాడు. మీ హీరోయిన్‌కి వంట వస్తే వస్తుంది. పోపు ఎప్పుడు వెయ్యాలో చేతికి తెలుస్తుంది, ఆ వంట ఎవరి దగ్గర నేర్చుకుందో తెలియకపోవచ్చు.

తన పేరు, ఊరు, పెళ్ళి మొత్తం మర్చిపోయి, తెలివిగా మాట్లాడుతూ, కొత్త సంగతులన్నీ గుర్తుపెట్టుకుంటోందంటే అది తలకి దెబ్బ వల్ల కంటే మనసుకి తగిలిన దెబ్బ వల్ల అయ్యే అవకాశమే ఎక్కువ. అలాంటివి అరుదు, కానీ ఉన్నాయి. ఆన్సెల్ బోర్న్ అనే అమెరికన్ బోధకుడు 1887 జనవరిలో రోడ్ ఐలండ్ నించి మాయమై, పెన్సిల్వేనియాలో బ్రౌన్ అనే పేరుతో చిన్న కొట్టు పెట్టుకుని, మార్చిలో ఒక పొద్దున్న లేచి ఇదెక్కడ, నేనిక్కడికెలా వచ్చాను అని అడిగాడు. (ఆ బోర్న్ పేరే తర్వాత ఒక ప్రసిద్ధ గూఢచారి నవల హీరోకి వచ్చిందంటారు.) అగాథా క్రిస్టీ 1926 డిసెంబర్‌లో పదకొండు రోజులు కనిపించకుండా పోయి హారోగేట్‌లో ఒక హోటల్లో దొరికింది, రిజిస్టర్లో రాయించిన ఇంటిపేరు తన భర్త ప్రేమించిన అమ్మాయిది. అది నిజంగా మరుపా కాదా అని ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ వాదన కంటే ఆ ఇంటిపేరు ముఖ్యం. ఆ పేరు రిజిస్టర్లో రాస్తున్నప్పుడు ఆమె చెయ్యి వణికిందా లేదా, అదీ నవల.

రెండో దెబ్బతో గతం తిరిగి రావడం మాత్రం దయచేసి వద్దు. రెండో దెబ్బ మొదటిదాన్ని ఇంకా చెడగొడుతుంది, అంతే. 2004లో శాలీ బాక్సెండేల్ అనే న్యూరోసైకాలజిస్టు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సినిమాల్లో గతం మర్చిపోవడం ఎంత అన్యాయంగా ఉంటుందో ఒక వ్యాసం రాసింది, అందులో బాగా చూపించారని ఆవిడ మెచ్చుకున్న కొద్దిమందిలో 'ఫైండింగ్ నీమో'లోని డోరీ అనే నీలం చేప ఒకటి. శకుంతల ఉంగరం దగ్గర్నించీ చేపలకీ మరుపుకీ ఏదో లింకు ఉన్నట్టుంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. తొమ్మిదేళ్ళ కిందట విజయవాడ రోడ్డు మీద బండి మీంచి పడ్డాను. సూర్యాపేటలో టీ తాగడం గుర్తుంది, గ్లాసు అంచు పగిలి ఉంది, అది కూడా గుర్తుంది. దాని తర్వాత గుర్తున్నది వార్డులో ఫ్యాను. మధ్యలో దాదాపు మూడు గంటలు లేవు. కానీ ఆ మూడు గంటలూ నేను స్పృహలోనే ఉన్నానట, లేపినవాళ్ళకి మా ఆవిడ నంబరు నేనే చెప్పానట, "బండేమైంది" అని అడిగి, జవాబు విని, రెండు నిమిషాలకి మళ్ళీ "బండేమైంది" అని అడుగుతూనే ఉన్నానట. నా పేరు ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు. ఆ గంటలు ఇప్పటికీ రాలేదు, ఇక రావు కూడా, ఎందుకంటే అవి మెదడులోకి ఎక్కనే లేదు. తాగి ఒళ్ళు తెలియకుండా తిరిగిన రాత్రి మొత్తం కోల్పోయేవాళ్ళకీ ఇంతే, లోపల దాచిపెట్టింది ఏమీ ఉండదు తీయడానికి.

విచిత్రం ఏంటంటే, ఇప్పుడు ఆ మూడు గంటలు నాకు కనిపిస్తాయి. రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాను, చొక్కా మీద రక్తం, ఎవరో లారీ క్లీనరు నీళ్ళ బాటిల్ ఇస్తున్నాడు. కానీ ఆ బొమ్మలో నా మొహం నాకు కనిపిస్తోంది! అంటే అది నా జ్ఞాపకం కాదు, మా ఆవిడ చెప్పగా చెప్పగా నేను గీసుకున్న బొమ్మ. మా బావమరిది చెప్పేదాంట్లో చెట్టూ లేదు, క్లీనరూ లేదు, నేను పోలీసుతో గొడవ పడుతున్నానట. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. నేను మా ఆవిడ కథనే నమ్ముతున్నాను, అందులో నేను కొంచెం మర్యాదగా ఉన్నాను కాబట్టి.

మీరు గమనించారో లేదో, ఇందులో విలన్ లేడు. అయినా ఎవరి మాట నమ్మాలి అన్న ప్రశ్న మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. మన ఇళ్ళల్లో ఒక మనిషి గతాన్ని ఒక్క భర్తే ఎలా చెప్తాడండీ? అత్తగారు ఒకలా చెప్తుంది, కన్నతల్లి ఒకలా, ఆడపడుచు ఇంకోలా, పనిమనిషి ఎవరికీ తెలియనిది చెప్తుంది. మీ నవలలో వీళ్ళెవరూ లేరు, భార్యాభర్తలు మాత్రమే ఒక విల్లాలో ఉన్నారు, రాజమండ్రిలో! పాఠకుడు భర్తని అనుమానించక ఇంకెవరిని అనుమానిస్తాడు? పైగా ఈ కాలంలో ఆమె వేలు పెడితే ఫోను తెరుచుకుంటుంది, వాట్సాప్‌లో పదేళ్ళ గతం ఉంటుంది, ఆధార్ వేలిముద్రలతో తప్పిపోయినవాళ్ళ ఊరు పట్టుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. డైరీ ఒక్కటే దిక్కు అనిపించాలంటే మీరు చాలా సాకులు చెప్పాలి, ప్రతి సాకూ పాఠకుడికి ఒక క్లూ అయిపోతుంది.

ఇంకొక్క సంగతి, రచయితలు ఎందుకో వాడుకోరు. మెదడు దెబ్బతిన్న కొందరు "నాకు గుర్తులేదు" అనరు. ఖాళీని అప్పటికప్పుడు కథతో నింపేస్తారు, పూర్తిగా నమ్మి చెప్తారు. ఏళ్ళ తరబడి తాగుడువల్ల వచ్చే కోర్సకోఫ్ జబ్బులో ఇది బాగా కనిపిస్తుంది. నిన్నంతా మంచం మీదే ఉన్న మనిషి, నిన్న తిరపతి వెళ్ళొచ్చాను, క్యూలో రెండు గంటలు పట్టింది అని చెప్తాడు. అబద్ధం కాదు, నిజమూ కాదు. అలాంటి మనిషి కథ చెప్తుంటే ఏ పాఠకుడు ముగింపు ఊహించగలడు?

ఇక రహస్యం కావాల్సిందే, సస్పెన్స్ వదలను అంటారా, ఎమ్మా హీలీ 2014 నవల 'ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్' చదవండి. మాడ్ అనే ముసలావిడకి మతిమరుపు జబ్బు ముదురుతూ ఉంటుంది, స్నేహితురాలు ఎలిజబెత్ కనిపించట్లేదని అందరినీ వేధిస్తుంది, జేబులనిండా చీటీలు. నిన్నటిది నిలవదు, యుద్ధం అయిన కొత్తలో మాయమైన అక్క మాత్రం స్పష్టంగా గుర్తుంటుంది. పాతది చివరిదాకా ఉండటం, కొత్తది ముందు రాలిపోవడం అనేది రిబో అనే ఫ్రెంచ్ పండితుడు 1881లోనే రాసిపెట్టాడు, మన ఇళ్ళల్లో ముసలివాళ్ళని చూసినవాళ్ళకి ఆ పండితుడు కూడా అక్కర్లేదు. ఆ నవలలో రహస్యం ఉంది, కానీ మరుపు రహస్యాన్ని దాచే గుడ్డలా లేదు, ఆమె బతుకే అది. రహస్యమే లేనిది కావాలంటే యోకో ఒగావా జపనీస్ నవల ఉంది, 2003లో వచ్చింది, ఇంగ్లీషులో 'ది హౌస్‌కీపర్ అండ్ ది ప్రొఫెసర్'. లెక్కల ప్రొఫెసర్‌కి ఎనభై నిమిషాలే జ్ఞాపకం, కోటు నిండా గుచ్చుకున్న చీటీలు, పనిమనిషి రోజూ కొత్తగా పరిచయం చేసుకోవాలి. ఆయనకి ఇష్టమైన బేస్‌బాల్ ఆటగాడి చొక్కా నంబరు 28. దాని కారణాంకాలు 1, 2, 4, 7, 14 కలిపితే మళ్ళీ 28. గతం తిరిగొస్తుందేమో అని ఆ పుస్తకంలో నేను ఒక్క పేజీలో కూడా ఎదురుచూడలేదు.

మీ కథకి వస్తాను. భర్తని హంతకుణ్ణి చెయ్యకండి. యాక్సిడెంట్‌కి వారం ముందు ఆమె విడాకులకి లాయర్ దగ్గరికి వెళ్ళొచ్చిందనుకోండి. ఇప్పుడామెకి గుర్తులేదు. ఆయనకి గుర్తుంది. మొదటి అధ్యాయంలోనే ఇది పాఠకుడికి చెప్పేసెయ్యండి, దాచకండి. ఆయన చెడ్డవాడు కాదు, ఇన్నాళ్ళకి ఇంట్లో గొడవ లేకుండా అన్నం తింటున్నాడు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటాడు. మహాభారతంలో దుష్యంతుడిలాగే అన్నీ తెలిసి తెలియనట్టు ఉన్నాడు, కాకపోతే వదిలించుకోవడానికి కాదు, ఉంచుకోవడానికి. అత్తగారికి తెలుసు, మౌనంగా ఉంది. కన్నతల్లికి సగం తెలుసు. వీళ్ళందరి మధ్య ఆమె అన్నం వడ్డిస్తోంది, చెయ్యి ఎందుకో వణుకుతోంది.

డైరీని ఎలాగూ వదలరు, మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. అయితే క్లైవ్ వేరింగ్ డైరీలా ఉంచండి. ఇంగ్లండ్‌లో సంగీత పండితుడాయన, 1985లో మెదడుకి ఇన్ఫెక్షన్ సోకి జ్ఞాపకం అర నిమిషానికి పడిపోయింది. పియానో వాయించగలడు, భార్య డెబోరా గదిలోకి వస్తే ఏళ్ళ తర్వాత చూసినట్టు సంతోషపడతాడు, కాస్త బయటికెళ్ళి వచ్చినా మళ్ళీ అంతే. డైరీలో టైము వేసి, ఇప్పుడే మొదటిసారి నిజంగా మెలకువ వచ్చింది అని రాస్తాడు. కాసేపటికి అది చూసి, ఇది నేను రాయలేదే అని కొట్టేసి, కింద కొత్త టైముతో మళ్ళీ అదే రాస్తాడు. పేజీలకి పేజీలు అలాగే. మీ హీరోయిన్ బీరువాలోంచి డైరీ తీస్తుంది, చేతిరాత తనదే, లాయర్ సంగతి అందులో ఉంది. చదివి, నేనిలాంటివి రాసే మనిషిని కాదు అని కలం తీసి కొట్టేస్తుంది. మర్నాడు భర్త ఆ కొట్టివేత చూస్తాడు. ఆ పూట వాళ్ళింట్లో ఏం జరుగుతుందో రాసి పంపండి, చదువుతాను.